ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టిన కంపెనీ మంచిదేనా?

"చీమకుర్తి దగ్గర మా ఊళ్లో ఒక గ్రానైట్ కంపెనీ మంచినీళ్ల ప్లాంటు పెట్టింది, బడికి బెంచీలిచ్చింది. బాధ్యత గల కంపెనీ అనుకోవచ్చా?" అని అడిగారు.

అది చాలదండీ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నెట్‌వర్తో (అప్పులు పోను మిగిలే ఆస్తి) ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. అంటే మీ ప్లాంటు దానం కాకపోవచ్చు, చట్టం పెట్టించిన ఖర్చు కావచ్చు. దానిమీద చైర్మన్ ఫొటో మాత్రం ఉచితం.

నేనైతే ఆ 2 శాతం ఎటు పోయిందని కాక, మిగతా 98 ఎలా వచ్చిందని చూస్తాను. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అది నయం కాదు. మరి నీళ్లు పోస్తూ డ్రిల్ చేస్తున్నారా, పొడిగానే కొట్టేస్తున్నారా? కూలీలకు ఛాతీ ఎక్స్‌రేలు తీయిస్తున్నారా? దగ్గుతున్నవాణ్ణి పనిలోంచి తీసేసి చేతులు దులుపుకుంటున్నారా? ఇవి వార్షిక నివేదికలో దొరకవు. షిఫ్టు దిగాక టీకొట్టు దగ్గర డ్రిల్లర్‌ని అడగండి, పక్క పొలం రైతుని బోరు సంగతి అడగండి.

కాగితాలూ కొన్ని పనికొస్తాయి. పీఎఫ్ ఎంతమందికి కడుతున్నారో ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతకొచ్చు. క్వారీలో రెండొందల మంది కనిపించి, వెబ్‌సైట్‌లో ముప్పైమందే ఉంటే, మిగతావాళ్లు ఎవరి లెక్కలో ఉన్నారని అడగండి. కాంట్రాక్టరు పేరు చెబుతారు. అప్పుడు ఆ కాంట్రాక్టరు పేరుతోనూ వెతకండి.