చెల్లెలి తడబాటే అక్క గొప్పదనానికి కొలతా?

ప్రశ్న: మాది చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మా ఇద్దరమ్మాయిలూ మైలాపూరులో ఒకే గురువుగారి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. పెద్దమ్మాయి బాగా పాడుతుంది, చిన్నమ్మాయిది మామూలు గాత్రం. ఇంటికి ఎవరొచ్చినా మావారు ఒకే కీర్తనను ముందు చిన్నదానిచేత, తరువాత పెద్దదానిచేత పాడించి, “చిన్నది పాడింది కాబట్టే పెద్దదాని గొప్ప తెలిసింది” అంటారు. ఇప్పుడు చిన్నమ్మాయి క్లాసుకు వెళ్లడమే మానేసింది. సామాన్యమైనది పక్కన లేకపోతే గొప్పది ఎవరికీ తెలియదన్న ఆయన వాదనకు ఏమని బదులు చెప్పాలి?

జవాబు: మీవారి మాటలో కొంత నిజం ఉంది కనుకనే మీకు బదులు తోచడం లేదు. సంగీతంతో పరిచయం లేని అతిథి ఒకే కీర్తనను ఇద్దరి నోటా వింటే, ఎవరిది మెరుగో సులభంగా చెప్పగలడు. కానీ అతనికి తెలిసింది ఎవరు ముందున్నారన్నది మాత్రమే. పెద్దమ్మాయి నిజంగా బాగా పాడిందా అన్నది కాదు. ఇద్దరూ శ్రుతి తప్పినా, తక్కువ తప్పినవారే ఆ గదిలో గొప్పవారుగా చెలామణి అవుతారు.

బయట నమ్మదగిన కొలమానం లేనప్పుడు మనుషులు తమ శక్తిని ఇతరులతో పోల్చి అంచనా వేసుకుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించారు. సంగీతంలో ఆ కొలమానం చాలావరకు ఉంది. తంబురా మోగుతుండగా గొంతు షడ్జమంలో, అంటే ఆధార స్వరమైన ‘స’లో, నిలిచిందో లేదో చెప్పడానికి పక్కన అపస్వరం పాడే మనిషి అక్కరలేదు. తాళం నిలిచిందా, సాహిత్యంలో మాటలు అర్థం చెడకుండా వచ్చాయా అన్నవి కూడా ఒక్కరు పాడినా తేలిపోయే విషయాలే. (తెలుగు కీర్తనలో మాట ఎక్కడ విరిగిందో పట్టుకోవడం మీ ఇంట్లో మరీ సులువు, మీ ఊరి సంగీత సభల్లో తెలుగు రాని చాలామంది శ్రోతలకు ఆ వెసులుబాటు లేదు.) రాగభావం వంటి సూక్ష్మమైన వాటికి పోలిక అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇద్దరు మంచి విద్వాంసులు పాడిన తోడి రాగాన్ని పక్కపక్కన పెట్టి విన్నప్పుడు చెవికి పట్టుబడే తేడాలు, నేర్చుకుంటున్న పిల్ల తడబాటును విన్నందువల్ల పట్టుబడవు.

మీరు చిన్నమ్మాయి గురించే రాశారు గాని, నాకు పెద్దమ్మాయి గురించి కూడా బెంగగా ఉంది. తన మెప్పు చెల్లెలి లోపం మీద నిలబడినంతకాలం, చెల్లెలు బాగుపడితే తనకేదో పోతుందన్న భయం ఆ పిల్లకు ఉంటుంది. పైగా తనకంటే బాగా పాడేవారి మధ్యకు వెళ్లిన మొదటి రోజే, ఇంట్లో విన్న పొగడ్తకు ఆధారం ఏమిటో తెలియక తికమకపడుతుంది.

మీవారితో సిద్ధాంతం మీద వాదించకండి. అతిథుల ముందు ఇద్దరిచేత ఒకే పాట పాడించడం మాత్రం వెంటనే ఆపమని, పిల్లలు లేనప్పుడు, స్పష్టంగా అడగండి. పెద్దమ్మాయిని మెచ్చుకోవాలంటే చెల్లెలి పేరెత్తకుండా, పాటలో ఏ సంగతి (ఒకే పంక్తిని కొత్తగా మార్చి పాడే తీరు) బాగా పలికిందో చెప్పి మెచ్చుకోమనండి; అది చెప్పలేకపోతే ఆయనకు తెలిసింది తేడాయే గాని పాట కాదని ఆయనకే అర్థమవుతుంది. డిసెంబరు కచేరీల కాలంలో చాలా సభలు మధ్యాహ్నం పూట యువ గాయకులకు వేదికనిచ్చి, శ్రోతలను ఉచితంగా రానిస్తాయి. ఆయన్ను వాటికి తీసుకువెళ్లండి. పిల్లలు ఇష్టపడితేనే వారినీ వెంటబెట్టుకోండి, తిరిగివచ్చాక ఎవరిచేతా పాడించకండి.

చిన్నమ్మాయి విషయంలో తొందర వద్దు. పాట మీద ఇష్టం పోయిందా, పోలికకు భయపడి మానేసిందా అని మీరొక్కరే కూర్చుని అడగండి. భయమే అయితే గురువుగారితో మాట్లాడి అక్కతో కలవని వేళకు క్లాసు మార్పించండి. ఇష్టమే లేకపోతే మానేయనివ్వండి. నిద్ర, తిండి, బడి మీద కూడా దీని ప్రభావం కనిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులను కలవండి.