మొదటి అధ్యాయం తర్వాత చూద్దాం బిడ్డా

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే వెనక మారియో ఆటలో నాణేల చప్పుడు, చిన్నోడి ఏడుపు, కుక్కర్ విజిల్ అన్నీ కలిసి వినబడ్డాయి. ఆ గోల మధ్యనే నువ్వు రెండు మాటలన్నావు. ఒకటి, "అత్తమ్మా, మార్క్స్ కాపిటల్ మూడోసారి మొదలుపెట్టిన, మళ్ళీ ఇరవై గజాల నారబట్ట దగ్గరనే ఆగిపోయిన" అని. రెండోది, ఇద్దరు పిల్లల తండ్రివై ఇంకా గేమ్స్ ఏందని, ఆ పాత గేమ్ పెట్టెను క్యాసెట్లతో సహా ఓఎల్ఎక్స్‌లో పెట్టేస్తానని. మొదటిదానికి నవ్వొచ్చింది, ఎందుకంటే ఇరవై గజాల బట్ట ఒక కోటుకు సమానం అనే ఆ లెక్క దగ్గర నేనూ రెండేళ్ళు ఆగిపోయినదాన్నే. లెక్కల టీచర్ని అయ్యుండి! రెండోదానికి మాత్రం కోపమొచ్చింది. దాని సంగతి చివర్లో చెప్తా.

ముందు చదువు సంగతి. మొదటి అధ్యాయం పక్కన పెట్టు. ఇది నేను కనిపెట్టిన అడ్డదారి కాదు. 1867లో పుస్తకం అచ్చయిన కొత్తలోనే మార్క్స్ తన స్నేహితుడు కూగెల్మన్ అనే డాక్టరుకు ఉత్తరం రాస్తూ, మీ ఆవిడకు ముందుగా పనిదినం గురించిన అధ్యాయం, సహకారం, శ్రమ విభజన, యంత్రాల భాగాలు, ఆ తర్వాత ఆదిమ సంచయం, అంటే పెట్టుబడి మొదట ఎట్లా పోగయిందో చెప్పే భాగం, తేలిగ్గా చదవొచ్చని చెప్పమన్నాడు. కాంట్రా ఆటలో ముప్ఫై లైఫుల చీట్ కోసం పైకి పైకి కిందికి కిందికి అని నొక్కేవాడివి గుర్తుందా? రాసినాయనే చెప్పిన దారి ఉండగా మనం మొదటి పేజీ నుంచే పోవాలని మొండికేస్తాం.

ఇంగ్లీషు పుస్తకంలో అయితే ఆ పనిదినం పదో అధ్యాయం. అందులో తత్వశాస్త్రం ఏదని అడక్కు. లండన్ రొట్టెల్లో పటిక ఎట్లా కలిపేవాళ్ళో ఉంటుంది. మేరీ ఆన్ వాక్లీ అని ఇరవై ఏళ్ళ పిల్ల, పెద్దింటి ఆడవాళ్ళ గౌన్లు కుట్టే కొట్లో ఇరవై ఆరున్నర గంటలు ఆగకుండా పనిచేసి 1863లో చచ్చిపోయిన సంగతి ఉంటుంది. అది చదివిన రాత్రి నేను పుస్తకం మూసి, పడుకున్న మా బిడ్డను చూసుకుంటూ కూర్చున్నా. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టుల నుంచి తీసిన ఇంకో ముచ్చట ఉంటుంది: పొద్దున పావుగంట, తిండి టైంలో ఐదూ పదీ నిమిషాలు, సాయంత్రం ఇంకో పావుగంట, ఇట్లా యజమానులు చేసే నిమిషాల దొంగతనం.

నువ్వు పోయిన సంక్రాంతికి చెప్పావే, షిఫ్టు మారేటప్పుడు తర్వాతి మనిషికి పని అప్పజెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అది లెక్కలోకి రాదని. నెలకు ఇరవై ఆరు డ్యూటీలు అనుకుందాం. 520 నిమిషాలు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నెలకు ఒక షిఫ్టు పైనే. ఈ లెక్క నీ చేత్తో నువ్వే నోట్‌బుక్కులో ఒకసారి వేసుకో, అప్పుడు ఆ అధ్యాయం తెరువు. 1847లో ఇంగ్లండులో పది గంటల చట్టం ఎందుకు అంత లొల్లి అయిందో నీకు ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

అదే అధ్యాయంలో వెట్టి గురించీ ఉంటుంది, ఎక్కడో డాన్యూబ్ నది ఒడ్డు రైతులది. అక్కడ ఆగి, రెండుసార్లు చదువు. మా నాయనమ్మ, అంటే నీకు తాతమ్మ, చదువు రాదు, అక్షరం ముక్క రాదు. కానీ ఆమెను అడిగితే దొర గడీలో వడ్లు దంచిన రోజు ఏదో, మన చేన్లో కలుపు తీసిన రోజు ఏదో వేలు మడిచి చెప్పేది. "ఆ రోజు మాది కాదు" అనేది. అందుకే 1940ల్లో ఊళ్ళోకి సంఘం, అంటే ఆంధ్రమహాసభ, వచ్చినప్పుడు ఆమెలాంటి వాళ్ళకు పెద్ద ఉపన్యాసాలు అవసరం పడలేదు. ఊరికే చేసిన పని, సొంత పని, రెండూ కంటి ముందు వేర్వేరుగా ఉండేవి. కంపెనీ గేటు లోపలికి పోయినాక ఆ రెండూ కలిసిపోతాయి. నీ జీతానికి సరిపడా చేసిన గంట ఏదో, దాని మీద ఊరికే చేసిన గంట ఏదో గడియారం చూస్తే తెలియదు. మొత్తానికీ పైసలిచ్చినట్టే ఉంటుంది.

పోయినసారి మీ పెద్దది నాకు మారియోలో ఒకటి చూపించింది. "అమ్మమ్మా, ఆ తెల్ల మబ్బూ, ఈ పచ్చ పొదా ఒకటే బొమ్మ, రంగే వేరు!" నలభై కిలోబైట్లలో ఆట మొత్తం పట్టాలి కదా, 1985లో వాళ్ళు ఒక బొమ్మనే రెండుసార్లు వాడుకున్నారు. నేను ఎన్నిసార్లు చూసినా నాకు కనబడలేదు, తొమ్మిదేళ్ళ పిల్లకు కనబడింది. అక్కడ ఒకటే బొమ్మ రెండు రంగుల్లో ఉంది. నీ జీతం చీటీలో రెండు వేరే సంగతులు ఒకటే రంగులో ఉన్నాయి. పైకి కనబడేది వేరు, లోపల జరిగేది వేరు అని మార్క్స్ లావు పుస్తకమంతా చెప్పేది ఇదే. అయితే ఇది పోలిక మాత్రమే సుమా, దీన్ని పట్టుకుని మీ దోస్తులకు ఉపన్యాసం ఇచ్చేవు.

పోలికల పిచ్చి ఎంత దూరం పోతుందో నేను చూసిన. మేము కొత్తగా కాపురం పెట్టినప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో చదువు గ్రూపు కూర్చునేది. ఎనిమిది మంది మగవాళ్ళు, మీ మామతో కలిపి. ఒకరోజు పరిమాణం గుణంగా మారడం గురించి నడుస్తోంది. మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ చెప్పిన ఉదాహరణే: నీళ్ళు వేడెక్కుతూ వేడెక్కుతూ, నూరు డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఆవిరి అవుతాయని. సరిగ్గా అప్పుడే వంటింట్లో వాళ్ళకోసం నేను పెట్టిన చాయ్ పొంగి స్టవ్వు ఆరిపోయింది. చంకలో పిల్ల. ముందు గదిలోంచి ఒకాయన "చెల్లెమ్మా, చక్కెర కొంచెం తగ్గించు" అన్నాడు. అదనపు విలువ, అంటే జీతానికి మించి ఊరికే చేసిన పనిలోంచి వచ్చేది, దాని గురించి నేను మొదట విన్నది ఆ వంటింటి గుమ్మం దగ్గర నిలబడే. వాళ్ళలో ఎవరికీ నా చాయ్ ఏ లెక్కలోకి వస్తుందన్న అనుమానం రాలేదు. ఆ రాత్రి మీ మామను అడిగిన. ఆయన జవాబు చెప్పలేకపోయాడు. వచ్చే వారం నుంచి చాయ్ వంతులవారీగా పెట్టుకున్నారు, ఇద్దరు రావడం మానేశారు.

కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా. నీకు చదువుకునే టైం ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూసుకో. నువ్వు పుస్తకం పట్టుకున్న ఇరవై నిమిషాలు మీ ఆవిడ నిద్రలోంచి వస్తే ఆ చదువు నాకొద్దు. ఆమెతో కూర్చుని వారానికి మూడు పూటలు నీవి, మూడు పూటలు ఆమెవి అని రాసుకోండి. ఆమె తన పూట పడుకుంటుందో, సీరియల్ చూస్తుందో ఆమె ఇష్టం. మార్క్స్ ఇంట్లో కూడా కోడిగీతల్లాంటి ఆయన రాతను అచ్చుకు పనికొచ్చేటట్టు తిరగరాసింది భార్య జెన్నీ. ఇల్లు నడిపింది పనిమనిషి హెలెన్ డెముత్. ఆ సంగతి పుస్తకం అట్ట మీద ఉండదు.

ఇక మిగతావి గబగబా రాస్తా. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. ఆ పాత క్యాసెట్లలో సేవ్ ఉండేది కాదు, కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే. పిల్లలున్న ఇంట్లో చదువు కూడా అంతే, ఎప్పుడు పోతుందో తెలియదు. లేచే ముందు ఎక్కడ ఆగావో, ఏది అర్థం కాలేదో ఒక లైను రాసి లే. కంపెనీ బస్సులో చదవకు, నీకు చిన్నప్పటి నుంచీ బస్సులో తల తిరుగుతుంది. కాపిటల్‌కు ముందు ‘వేతన శ్రమ – పెట్టుబడి’ చదువు, 1849లో పత్రికలో వచ్చిన వ్యాసాలు, పల్చటి పుస్తకం. ముందుమాట దాటెయ్యకు. 1891లో ఎంగెల్స్ దాన్ని మళ్ళీ అచ్చు వేస్తూ, కార్మికుడు అమ్మేది ‘శ్రమ’ అని ఉన్నచోట ‘శ్రమశక్తి’ అని దిద్దాడు, ఎందుకు దిద్దాడో చెప్పాడు. పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డ కూలీని మేస్త్రీ చూసేది ఎట్లా? భుజాలు చూస్తాడు. ఇంకా పని మొదలే కాలేదు కదా, కొనేది పనిని కాదు, పనిచేయగల ఆ ఒంటిని ఒకరోజుకు. పాలమూరులో ఉన్నోడివి, అడ్వాన్సు తీసుకుని ఏడాదికి బొంబాయి పోయినోళ్ళ కథలు నీకు నేను చెప్పాలా? తెలుగులో తోడు కావాలంటే రంగనాయకమ్మ గారు కాపిటల్‌కు రాసిన పరిచయం ఉంది, పిల్లల కోసం రాసిన ఆర్థికశాస్త్రం పాఠాలూ ఉన్నాయి. రెండోదాన్ని పిల్లలదని చిన్నచూపు చూడకు, నేను దానితోనే బాగుపడ్డా.

తత్వం కావాలన్నావు కదా. ఫాయర్‌బాహ్ అనే జర్మన్ తత్వవేత్త మీద 1845లో మార్క్స్ రాసుకున్న పదకొండు పాయింట్లు, రెండు మూడు పేజీలు. ఆయన పోయినాక 1888లో ఎంగెల్స్ అచ్చు వేశాడు. వారానికి ఒకటి. ప్రపంచాన్ని మార్చాలన్న పదకొండోదాన్ని అందరూ గోడల మీద రాస్తారు. నువ్వు మూడోదాని దగ్గర ఎక్కువ ఉండు: చదువు చెప్పేవాడు కూడా నేర్చుకోవలసినవాడే అని. ముప్ఫై నాలుగేళ్ళు బల్లకు ఇవతల నిలబడ్డదాన్ని, నాకు అది చివరి ఐదేళ్ళలోనే తలకెక్కింది. నువ్వు తండ్రివి కాబట్టి ఇంకా తొందరగా ఎక్కుతుంది. మబ్బు, పొద సంగతి చూపించింది ఎవరు మరి?

ఇప్పుడు నీ గేమ్స్. అవి చదువుకు అడ్డం అని ఎవరన్నారు? 1980 నాటి అటారీ గేమ్ ‘అడ్వెంచర్’ నీకు తెలుసు. ఆ రోజుల్లో ఆ కంపెనీ ఆటలు తయారుచేసినవాళ్ళ పేర్లు ఎక్కడా వేసేది కాదు. వారెన్ రాబినెట్ ఒక్కడే ఆటంతా రాసి, ఎవరికీ చెప్పకుండా అందులో ఒక దొంగ గది కట్టి తన పేరు రాసుకున్నాడు. చేసినవాడి చేతిలోంచి చేసిన వస్తువు జారిపోయి పరాయిదైపోవడాన్ని మార్క్స్ పరాయీకరణ అన్నాడు. ఆ మాట కింద ఈ దొంగ గదిని రాసి పెట్టుకో.

టెట్రిస్ ఆట సంగతి ఇంకా చిక్కుముడి. 1984లో మాస్కోలో, సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్లో పాజిత్నోవ్ తయారుచేశాడు. హక్కులు సోవియట్ ప్రభుత్వ సంస్థ అమ్ముకుంది, ఆయనకు రాయల్టీ 1996 దాకా రాలేదు. పెట్టుబడిదారు లేడు, మరి ఇదేమిటి? ఈ ప్రశ్న దాచుకోకు. నేను మీ మామతో దీని మీద ఇప్పటికీ కొట్లాడుతా. ఆయన సామూహిక ఆస్తి అంటాడు, నేను సంతకం పెట్టిన అధికారి ఎవరో చెప్పు అంటా.

పెట్టె అమ్మే మాట మాత్రం ఎత్తకు. మార్క్స్ చిన్న కూతురు ఎలియనార్ రాసిపెట్టింది, తన చిన్నప్పుడు నాన్న నెలల తరబడి ఒకే కథ చెప్పేవాడట. హాన్స్ రోక్లే అని ఒక మాంత్రికుడు, బొమ్మల కొట్టు నడిపేవాడు, చేతిలో పైసా ఉండేది కాదు. దయ్యానికీ బాకీ, కసాయి కొట్టుకూ బాకీ. బాకీ తీర్చలేక బొమ్మలను ఒక్కొక్కటే దయ్యానికి అమ్ముకునేవాడు. మార్క్స్ ఇంట్లో కూడా చేతిలో పైసా ఆడని రోజులు చాలానే, ఆ కష్టం ఆయన ఊహించుకోనక్కర్లేదు. అయితే ఆ బొమ్మలు ఎక్కడెక్కడో తిరిగి, ఏవేవో చూసి, చివరకు కొట్టుకే తిరిగి వచ్చేవట.

ఓఎల్ఎక్స్‌లో పెట్టింది అట్లా తిరిగి రాదు. దసరాకు వచ్చేటప్పుడు పెట్టె పట్టుకుని రా, రెండో రిమోట్ కూడా. పెద్దదానితో నాకు లెక్క తేలాల్సింది ఒకటి ఉంది.

మీ అత్తమ్మ