అమెరికాలో గద్ద ఈక దగ్గర ఉంటే నిజంగా జైలేనా? నేటివ్ అమెరికన్లకు మాత్రం మినహాయింపు ఎందుకు?

మొదటి ప్రశ్నకి జవాబు: అవును, జైలు దాకా వెళ్లొచ్చు. లేక్ గట్టున రాలిన ఈక తీసి కారు డాష్‌బోర్డు మీద పెట్టుకున్నా నేరమే. బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దకి 1940లో, గోల్డెన్ ఈగిల్ అనే ఇంకో రకం గద్దకి 1962లో ఫెడరల్ చట్టంతో ఈ రక్షణ వచ్చింది. మొదటిసారికే లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడొచ్చు. రాలిన ఈకో, చంపి పీకిన ఈకో చూసి ఎవరూ చెప్పలేరు కదా, అందుకే మొత్తానికే వద్దన్నారు. నాకిందులో తప్పేమీ కనపడదు.

రెండోది, "వాళ్లకి మాత్రం ఎందుకు?" అన్నది, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రిజర్వేషన్ల గొడవలాగే నడుస్తుంటుంది. అలా అడిగేవాళ్లు ఒక్కసారి పౌవౌకి, అంటే నేటివ్ అమెరికన్లు డప్పులతో, డాన్సులతో చేసుకునే వేడుకకి, వెళ్లి ఆ ఈక వాళ్లకెంత పవిత్రమో చూడాలి. ఓక్లహోమాలో ఒకదానికి మా మామగారిని తీసుకెళ్లాను. డాన్స్ మధ్యలో ఒకతని వేషం నుంచి గద్ద ఈక ఊడి గడ్డి మీద పడింది. తెల్లటి ఈక, కొస మాత్రం నలుపు, మొదట్లో ఎర్ర ఉన్ని దారం చుట్టి ఉంది. డప్పు ఆగిపోయింది. అందరూ లేచి నిలబడ్డారు, మైకులో ఫోన్లు దించమన్నారు. సైన్యంలో పనిచేసిన నలుగురు పెద్దవాళ్లు దాని చుట్టూ అడుగులేస్తూ తిరిగాక, ఒకాయన వంగి తీశాడు. "ఏంటి అల్లుడూ, ఒక్క ఈకకి ఇంత హడావుడా?" అంటూ మామగారు ఫోన్ ఎత్తబోయారు. ముందు కుర్చీలోని ముసలావిడ వెనక్కి తిరిగి, స్క్రీన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది. మన తెలుగు సంఘాల ఫంక్షన్లకి కూడా అలాంటి ఆవిడ ఒకరు కావాలి. జ్యోతి వెలిగిస్తుంటే సెల్ఫీల గుంపు తప్ప ఇంకేం కనపడదు.

అసలు నా కోపం వేరే. మినహాయింపు ఉందంటారు గానీ, ఈక కావాలంటే డెన్వర్ పక్కన కామర్స్ సిటీలోని నేషనల్ ఈగిల్ రిపాజిటరీ అనే ప్రభుత్వ గిడ్డంగికి అప్లై చేసుకోవాలి. కరెంటు తీగలు తగిలో, బళ్ల కింద పడో చచ్చిన గద్దలు అక్కడికి చేరతాయి. పూర్తి గోల్డెన్ ఈగిల్ కావాలంటే ఏళ్లు పడుతుంది. మన గ్రీన్‌కార్డు క్యూ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అప్లై చేయాలన్నా ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగ సభ్యుడై ఉండాలి. టెక్సస్‌లో రాబర్ట్ సోటో అనే పాస్టర్ ఉన్నారు, లిపాన్ అపాచీ అనే తెగ మనిషి. ఆ తెగకి ఫెడరల్ గుర్తింపు లేదు. 2006లో మెకాలెన్ పౌవౌలో అధికారులు ఆయన ఈకలు పట్టుకుపోయారు. 2014లో అప్పీలు కోర్టు ఆయన వైపు తీర్పిస్తే, 2015లో గానీ తిరిగివ్వలేదు. ఒక మనిషి అపాచీ అవునో కాదో వాషింగ్టన్‌లో ఫైలు చూసి తేలుస్తారా? గద్దని కాపాడటానికి ఈ ఫైలుతో పనేంటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

అన్నట్టు, ఇండియా నుంచి వచ్చేటప్పుడు పూజగదికని నెమలి ఈకలు సూట్‌కేసులో సర్దకండి. అక్కడ రాలిన నెమలి ఈక ఇంట్లో పెట్టుకోవచ్చు గానీ, దేశం దాటించడం నిషేధం. మా అత్తగారికి ఈ ముక్క ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.