పెట్టుబడి వెంట ఏలుబడి

సందేహం: గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఒక పుస్తకంలో ‘విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి’ అనీ, మరొక దానిలో ‘ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి’ అనీ ఉంది. ఏది సరైనది? ప్రత్యక్షం అనగానే మాకు గుర్తొచ్చేది కొండమీది స్వామి. డబ్బు ప్రత్యక్షం కావడమేమిటి? మా అన్నయ్య శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పనిచేస్తున్నాడు, అందుకే అడుగుతున్నాను. మన కంపెనీ బయటి దేశంలో ఫ్యాక్టరీ పెడితే దానికీ ఇదే మాట వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలలో రెండవదే కీలకం. అది తేలితే మిగిలినవి సులువు.

ప్రతి + అక్షి: కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం. కలియుగ ప్రత్యక్ష దైవం అన్నప్పుడు మనం ఈ అర్థంలోనే వాడుతున్నాం. ప్రత్యక్ష సాక్షి అన్నా ఇదే. అయితే ఎదురుగా ఉన్నదానికీ మనకూ నడుమ ఎవరూ ఉండరు కాబట్టి, ఆ మాటకు ‘నడుమ మరొకరు లేకుండా, నేరుగా’ అనే రెండో అర్థం కూడా వచ్చి చేరింది. ప్రత్యక్ష పన్ను, ప్రత్యక్ష ఎన్నిక ఈ కోవలోవే. ఆదాయపు పన్ను కంటికి కనబడుతుందని ఆ పేరు పెట్టలేదు. భారం ఎవరిదో వారే నేరుగా కడతారని పెట్టారు. పెట్టుబడి విషయంలోనూ ఈ రెండో అర్థాన్నే తీసుకోవాలి.

ఇంతకీ నేరుగా అంటే ఎక్కడికి? ఇక్కడ ‘పెట్టుబడి’ అనే మాటనే పరీక్షగా చూడమంటాను. దాని తోబుట్టువులు మన భాషలో చాలా ఉన్నాయి: రాబడి, దిగుబడి, చెల్లుబడి, పలుకుబడి, ఏలుబడి. పెట్టేది పెట్టుబడి, వచ్చేది రాబడి, ఏలడం ఏలుబడి. విదేశీయుడు మన షేర్ మార్కెట్‌లో నాలుగు వాటాలు కొని, ధర పెరిగితే అమ్ముకుని వెళ్లిపోతే అతనికి కావలసింది రాబడి ఒక్కటే. ఆ కంపెనీని ఎవరు నడుపుతున్నారో, ఏ యంత్రం కొంటున్నారో అతనికి పట్టదు. అదే ఒక సంస్థ ఇక్కడ భూమి తీసుకుని, షెడ్లు వేసి, తన మేనేజరును కూర్చోబెట్టి, ఏమి తయారు చేయాలో తానే నిర్ణయిస్తే, ఆ పెట్టుబడి వెంట ఏలుబడి కూడా వచ్చినట్లు. ప్రత్యక్ష పెట్టుబడికి ప్రాణం ఈ ఏలుబడే. కెనడాకు చెందిన ఆర్థికవేత్త స్టీఫెన్ హైమర్ 1960లో తన పరిశోధనలో ఈ తేడాను గట్టిగా పట్టుకున్నారు. వడ్డీ ఎక్కువ దొరికే చోటికి డబ్బు పోతుందన్న వాదనతో ఇటువంటి కంపెనీల నడక అర్థం కాదనీ, అసలు విషయం అదుపు అనీ ఆయన చూపించారు. ఆ ‘అదుపు’కు మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాట ఏలుబడి.

ఏలుబడి ఉందా లేదా అన్నది చట్టం ఒక గీత గీసి తేలుస్తుంది. షేర్ మార్కెట్‌లో నమోదైన భారతీయ కంపెనీలో విదేశీ వాటా 10 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే అది ప్రత్యక్ష పెట్టుబడి. నమోదు కాని కంపెనీలో అయితే ఎంత వాటా ఉన్నా ప్రత్యక్షమే. మన తిరుపతి పక్కనే పుట్టి పెరిగిన అమరరాజా బ్యాటరీల సంస్థలో జాన్సన్ కంట్రోల్స్ అనే విదేశీ సంస్థకు చాలా ఏళ్లపాటు 26 శాతం వాటా ఉండేది. గీతకు చాలా పైన. గీతకు దిగువన ఉండే షేర్ల కొనుగోలుకు పత్రికలలో ఇప్పటికే నలిగిన ‘మదుపు’, ‘మదుపరి’ చక్కగా సరిపోతాయి. ఈ రెండింటినీ కలిపి ‘విదేశీ పెట్టుబడులు’ అని ఒకే గంపలో వేయడం వల్లనే పాఠకులు తికమక పడుతున్నారు.

ఇంత దూరం వచ్చి ఏలడం ఎందుకు, సరుకు అమ్ముకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. మామిడి కాలంలో దామలచెరువుకు వెళ్లి చూడండి. ఒక వ్యాపారి మండీలో కాయ కొంటాడు, లారీకెత్తి పంపుతాడు, అంతటితో సరి. ఇంకొకడు పూత మీదే తోటను గుత్తకు తీసుకుని, మందు ఎప్పుడు కొట్టాలో, కాయ ఎప్పుడు కోయాలో తానే చెబుతాడు, రాత్రి కాపలాకు తన మనిషిని పెడతాడు. గుత్తకు డబ్బు ముందే పోయాలి, గాలివాన వస్తే నష్టం తనదే. అయినా ఆ పని చేస్తాడు, ఎందుకంటే తనకు కావలసిన నాణ్యత మండీలో ఆ రోజు దొరుకుతుందన్న నమ్మకం లేదు. కంపెనీల లెక్క కూడా ఇంచుమించు ఇంతే. తయారీ కిటుకును మరొకరికి అప్పగిస్తే అది చేయి దాటిపోతుందన్న భయం ఒకటి, నాణ్యత పట్టు తప్పుతుందన్న భయం ఇంకొకటి. దానికి తోడు సుంకాల గోడ. జపాన్‌లో పూర్తిగా తయారైన వాహనాన్ని ఓడలో తెచ్చి అమ్మాలంటే దిగుమతి సుంకం తడిసి మోపెడవుతుంది. గోడ లోపలికి వచ్చి తయారు చేస్తే ఆ బాధ తగ్గుతుంది. జపాన్ వాహనాల సంస్థ ఇసుజు 2016లో శ్రీసిటీలో కర్మాగారం తెరిచింది. అక్కడికి చెన్నై రేవు దగ్గర, హైవే పక్కనే, విడిభాగాలు చేసేవారూ చుట్టుపక్కలే.

అన్ని కంపెనీలూ ఈ దారి పట్టవు. శ్రీసిటీలోనే 2015 నుంచి షావోమీ ఫోన్లు తయారయ్యాయి. పెట్టె మీది పేరు చైనా కంపెనీది, తయారు చేసింది తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్. అంటే ఆ కర్మాగారంలో ఏలుబడి ఫాక్స్‌కాన్‌ది, షావోమీది కొనుగోలు ఒప్పందం. పేరును బట్టి ప్రత్యక్ష పెట్టుబడి ఎవరిదో చెప్పలేమనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. తెలుగులో విశేష్యానికి దగ్గరగా ఉన్న విశేషణం దానితో గట్టిగా ముడిపడుతుంది. ‘చిత్తూరు బెల్లం మండీ’ అంటాం గానీ ‘బెల్లం చిత్తూరు మండీ’ అనం. బెల్లం మండీ ఒక వస్తువు, చిత్తూరు దాని చోటు. అలాగే ‘ప్రత్యక్ష పెట్టుబడి’ ఒక పారిభాషిక పదం, ‘విదేశీ’ దాని మూలాన్ని చెబుతుంది. కాబట్టి ‘విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి’ మేలు. రెండోది తప్పు కాదు, అర్థం అవుతుంది. కానీ జంటను విడదీస్తుంది. పరీక్షలో మొదటిదే రాయండి.

మూడవదానికి సమాధానం: వాడకండి. ‘విదేశీ పెట్టుబడి’ని విడదీస్తే ‘విదేశీయుల యొక్క పెట్టుబడి’ అని షష్ఠిలోనే అర్థమవుతుంది. మనవారు బయట పెట్టేది సప్తమి: ‘విదేశాలలో ప్రత్యక్ష పెట్టుబడి’. చినపాండూరులో టైర్లు చేస్తున్న అపోలో మన దేశపు కంపెనీ. ఇక్కడ దాని ఫ్యాక్టరీ విదేశీ పెట్టుబడి కాదు. అదే కంపెనీ 2009లో నెదర్లాండ్స్‌లోని వ్రెడెస్టైన్ అనే టైర్ల సంస్థను కొన్నది, 2017లో హంగరీలో ఫ్యాక్టరీ తెరిచింది. అది విదేశాలలో ప్రత్యక్ష పెట్టుబడి. హంగరీ పత్రికలకు మాత్రం అపోలోది విదేశీ పెట్టుబడే! ఒక్క విభక్తితో తేలిపోయే విషయాన్ని పొడవాటి వివరణలతో చెప్పనక్కరలేదు.

మీరు అడగకపోయినా రెండు మాటల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టుబడుల ఫలితాలను వార్తల్లో చదివేటప్పుడు అవే మనల్ని పక్కదారి పట్టిస్తున్నాయి. మొదటిది ‘వెల్లువ’. అవగాహన ఒప్పందం మీద సంతకం పడిన రోజే ‘పెట్టుబడుల వెల్లువ’ అని రాస్తున్నారు. వెల్లువ అంటే వచ్చిన నీరు. ఒప్పందం ఇంకా మబ్బు మాత్రమే. శంకుస్థాపన, యంత్రాల రాక, మొదటి జీతం ఇవన్నీ దాటిన తరువాత ఆ మాట వాడితే నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లలు ఆ శీర్షికలను నమ్మి ఊళ్లో మంచి అవకాశాలు వదులుకోవడం చూశాను. అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

రెండవది ‘లాభాల తరలింపు’. శేషాచలం కింద బతికే మనకు తరలింపు అనగానే ఎర్రచందనం దుంగలు కళ్లముందుకు వస్తాయి. విదేశీ కంపెనీ పన్నులు కట్టి, చట్టం ఒప్పుకున్న మేరకు లాభాన్ని తన దేశానికి పంపుకోవడం దొంగ రవాణా కాదు. ‘లాభాలు స్వదేశానికి పంపుకోవడం’ అంటే సరిపోతుంది. అది ఎంత ఉండాలన్నది వేరే చర్చ, చేయవలసినదే. అయితే నింద మోసే మాటతో ఆ చర్చను మొదలుపెట్టకూడదు.

నిజంగా కలవరపెట్టవలసింది ఏలుబడి దూరంగా ఉండడం. మన సరిహద్దు అవతల శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా కర్మాగారం వేలమందికి పని ఇచ్చింది. ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్‌కు అమ్ముడైనప్పుడు, పన్ను వివాదంలో చిక్కుకున్న ఆ కర్మాగారం అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరులో ఉత్పత్తి ఆగింది. పనిచేస్తున్నవారి చేతుల్లో నైపుణ్యం ఉంది, నిర్ణయం మాత్రం లేదు. మీ అన్నయ్యకు ఈసారి వీలు చిక్కినప్పుడు ఒక మాట అడిగి చూడండి: కొత్త యంత్రం కొనాలంటే అనుమతి శ్రీసిటీలోనే దొరుకుతుందా, జపాన్‌కు రాయాలా?