ఎయిర్ ప్లాంట్లకు బల్లార్షాలో ఒక లెక్క, కొరాపుట్‌లో ఇంకో లెక్క

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. మహారాష్ట్రలోని బల్లార్షాలో మీ ఎయిర్ ప్లాంట్లలో అయొనాంథా రకానివి కొసలు మాడి ముడుచుకుపోతున్నాయి, బల్బోసా రకం నడిమి ఆకులు చేతికి ఊడొచ్చాయి. ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో మీ అక్కగారింట్లో అవే మొక్కలు వేసవంతా బాగుండి వానల్లో కుళ్ళాయి. అమ్మినవాళ్ళేమో రోజుకు మూడుసార్లు స్ప్రే చెయ్యమన్నారు. అరుదైన రకాలు ఇప్పుడు కొనొచ్చా అని కూడా అడిగారు.

ముందు ఆ స్ప్రే మానెయ్యండి. మే నెల మధ్యాహ్నం మీ ఊళ్ళో కొట్టిన తుంపర ఆకు పీల్చుకునేలోపే ఆరిపోతుంది. బోరు నీళ్ళలోని ఉప్పు మాత్రం ఆకు మీదే మిగులుతుంది. ఎయిర్ ప్లాంట్లు, అంటే టిల్లాండ్సియాలు, వేళ్ళతో కాదు, ఆకుల మీది సన్నటి పొలుసులతో నీళ్ళు తాగుతాయి. ఆ పొలుసుల మీద ఉప్పు పేరుకుంటే మొక్క నీళ్ళలోనే ఉన్నా దాహం తీరదు. అదే తుంపర కొరాపుట్ జల్లుల్లో కొడితే ఆరదు, మొవ్వులో నిలుస్తుంది. నన్నడిగితే ఎన్నిసార్లు నీళ్ళిచ్చారన్నది పెద్ద విషయం కాదు. తడిపాక నాలుగు గంటల్లో మొవ్వుతో సహా ఆరిందా లేదా, అదొక్కటి చూసుకోండి. మీ ఇంట్లో తడి చాలక, అక్కగారింట్లో ఆరక పోతున్నాయి. మీ బల్బోసా ఒక్కటే రెండోరకం.

బల్లార్షాలో వేసవి పద్ధతి: పొద్దు గూకాక, నీళ్ళు చల్లబడ్డాక, బకెట్‌లో అయొనాంథాలను 20 నుంచి 30 నిమిషాలు పూర్తిగా ముంచండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు ఆ వేళకీ వేడిగానే ఉంటాయి కాబట్టి ఉదయమే పట్టి నీడన పెట్టుకోవాలి. తీశాక తలకిందులుగా గట్టిగా విదిలించి, ఒక గంట ఫ్యాన్ కింద పక్కకు వాల్చి పెట్టండి. ఏప్రిల్, మేలలో రోజు విడిచి రోజు, చలికాలంలో వారానికి ఒకసారి చాలు. జెరోగ్రాఫికా రకాన్ని వారానికోసారి 15 నిమిషాలు ముంచితే సరి, దాని ఆకుల మొదళ్ళలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి విదిలించడం మరీ ముఖ్యం. సాయంత్రం ఎందుకంటే, పగలు మొవ్వులో చిక్కిన నీళ్ళు 45 డిగ్రీల ఎండలో వేడెక్కి లేత ఆకును ఉడికించేస్తాయి. మరి ఈ మొక్కలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకునేది రాత్రిపూటే కదా, తడి పొర అడ్డుపడదా అంటారు. పడుతుంది. కానీ మీ వేసవి గాలికి గంటా రెండు గంటల్లో ఆరిపోతుంది, ఆ తర్వాత రాత్రంతా మిగిలే ఉంటుంది. కొరాపుట్ వానాకాలంలో ఇది కుదరదు. అక్కడ తెల్లవారాక ముంచి, మధ్యాహ్నంలోపు ఆరేలా చూడాలి. ముసురు పట్టిన వారమైతే అసలు ముంచనక్కర్లేదు, గాలిలో తేమే సరిపోతుంది. వాన నేరుగా పడని చూరు కింద వేలాడదీసి, చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టమనండి.

మీ ఇంట్లో కూలర్ ఉంటుంది కదా, దాన్ని వాడుకోండి. కూలర్ ఊదే గాలికి ఏడెనిమిది అడుగుల దూరంలో, కిటికీ వెలుతురు పడేచోట పెడితే వేసవి సగం గడిచినట్టే. నీటి తుంపర మీద పడేంత దగ్గర వద్దు. బాల్కనీలో ఉంచితే 75 శాతం షేడ్ నెట్ కింద, ఉదయం ఎనిమిది దాకా ఎండ. పడమటి గోడకు ఆనించి మాత్రం పెట్టకండి, ఆ గోడ రాత్రి పది దాకా సెగలు కక్కుతుంది.

నీళ్ళకు వానవి శ్రేష్ఠం, జూలైలో డ్రమ్ము నిండా పట్టి మూత పెట్టుకోండి. లేకపోతే ఆర్వో ఫిల్టర్‌లో శుద్ధయి వచ్చినవి వాడండి. అది వదిలేసే వృథా నీళ్ళు వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు మెత్తనివే అయినా రాగి గొట్టాల మీదుగా వస్తాయి, నేను సిఫారసు చెయ్యను. రాగి ఈ అనాస కుటుంబపు మొక్కలకు విషం. పత్తి, మిరప వేసే ఇళ్ళలో రాగి ఉన్న బోర్డో మిశ్రమమో, కాపర్ ఆక్సీక్లోరైడో ఎప్పుడూ ఉంటుంది. కుళ్ళు కనబడగానే అదే తెచ్చి కొట్టబుద్ధవుతుంది. కొడితే మొక్క పోతుంది. మందు కొట్టిన పంపుతో ఈ మొక్కలకు నీళ్ళు కూడా పెట్టకండి. కట్టడానికి రాగి తీగ బదులు నైలాన్ దారం వాడండి. వేపనూనె కూడా వద్దు, నూనె పొలుసులను మూసేస్తుంది.

ఎరువు నెలకోసారి మించొద్దు. నీళ్ళలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) ఒక గ్రాము, నాలుగు లీటర్ల నీళ్ళలో. మర్నాడు మామూలు నీళ్ళతో ఒకసారి కడగండి. సూక్ష్మపోషకాల ప్యాకెట్లలో రాగి, జింకు, బోరాన్ ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్ళకండి. మే నెలలో ఎరువే మానేస్తే మేలు.

బల్బోసా సంగతి: అడుగున ఉబ్బెత్తుగా కనబడేది లోపల గుల్ల. ముంచితే అందులో నీళ్ళు చిక్కుకుంటాయి, ఎంత విదిలించినా పూర్తిగా రావు. దాన్ని తలకిందులుగా పట్టి ఆకులు మాత్రం ఒక్క క్షణం ముంచి తియ్యాలి. నడిమి ఆకులు ఊడి, అడుగు నల్లబడితే ఆ మొక్క ఇక తిప్పుకోదు. పక్కన గట్టిగా, పచ్చగా పిలక ఉంటే కుళ్ళిన భాగం ఒలిచేసి, రెండు రోజులు పొడిగా ఉంచి చూడండి.

ఇక కొనడం. అరుదైనదని కాదు, మీ ఊరి వేడికి తట్టుకుంటుందా అని చూసి కొనండి. బల్లార్షాకు కాపుట్ మెడ్యూసే, స్ట్రెప్టోఫిల్లా, ఫాసిక్యులాటా నప్పుతాయి. స్ట్రెప్టోఫిల్లా ఆకులు దాహమేస్తే గట్టిగా చుట్టుకుంటాయి, తాగితే విప్పుకుంటాయి, కాబట్టి ఎప్పుడు ముంచాలో అదే చెబుతుంది. తెల్లటి నూగుతో బొమ్మల్లో అందంగా కనిపించే టెక్టోరమ్ ఈక్వడార్, పెరూ కొండలది. పొడి గాలిని ఓర్చుకుంటుంది గానీ చల్లారని రాత్రులను ఓర్చుకోదు, డబ్బు దండగ. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది కనుక అక్కగారు స్ట్రిక్టా, ఏరాంథోస్, బెర్జెరీ పెంచుకోవచ్చు. అక్కడి శీతాకాలపు చలి వాటికి ఇష్టం కూడా.

జెరోగ్రాఫికా, హారిసీ రకాలు సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నవి, దేశాల మధ్య వాటి వ్యాపారం అదుపులో ఉండాలని. అందుకే నర్సరీలో పెంచినదా అని అడగండి. విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే దిగుమతి పర్మిట్, చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ కావాలి. ‘గిఫ్ట్’ అని రాసి పంపుతామనేవాళ్ళ దగ్గర కొనకండి. మన దేశంలోనే కొన్నా మార్చి తర్వాత పార్సిల్ వద్దు, డబ్బాలోనే ఉడికిపోతాయి. నవంబరు, జనవరి మధ్య మంచిది.

వీటి బంధువులే, కుండీలో పెరిగే నియోరెజీలియాలు కూడా తీసుకుంటే నాలుగైదు అంగుళాల కుండీ చాలు. కొబ్బరి పెంకు బొగ్గు, కొబ్బరి చిప్స్, చిన్న కంకర సమపాళ్ళలో కలపండి, మెత్తటి కోకోపీట్ మాత్రం వద్దు. నడిమి గిన్నెలో నీళ్ళుంటాయి కాబట్టి దోమ పిల్లలు పుడతాయి. డెంగీ కాలంలో అయిదు రోజులకోసారి కుండీ వంచి పారబోసి కొత్తవి పొయ్యండి. వీలుకాకపోతే బీటీఐ గుళికలు (దోమ పిల్లలను చంపే బాక్టీరియా మందు) వెయ్యండి, మొక్కకు హాని లేదు. కిరోసిన్ చుక్కలు ఎవరు చెప్పినా వద్దు.

పూసిన మొక్క మెల్లగా ఎండితే కంగారుపడకండి, అనాసలాగే ఇవి కూడా ఒకసారే పూస్తాయి. తల్లిలో మూడో వంతు నుంచి సగం సైజుకు వచ్చాక పిలకను మొదట్లో పట్టి మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. విడదీసిన మర్నాడు దాకా నీళ్ళు పెట్టకండి.