గేర్‌బాక్స్ దించమనే ముందు ఒక అట్టముక్క పరుచు

ప్రశ్న: అన్నా, విజయనగరం నుంచి ట్రాన్స్‌ఫర్ మీద జయపురం వచ్చాను. నాది 2012 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్. రోజూ పొద్దున్న కారు కింద నల్లమరక కనిపిస్తోంది. ఇక్కడి మెకానిక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలంటున్నాడు. దించమననా, బండి అమ్మేయనా?

తమ్ముడూ, రెండూ వద్దు, కాస్త ఆగు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్‌లో స్థిరపడి నాకు ఇరవై ఏళ్లు. ఎన్నారై అంటే అమెరికా వాళ్లే కానక్కర్లేదు, ఘాట్ పైకొస్తే ఒడిశా, బోర్డు మీద అక్షరం మారిపోతుంది. ఇన్నేళ్లలో నేను ఎక్కువ డబ్బు తగలేసింది నువ్వడిగిన ఈ మరక మీదే.

2019 వానాకాలంలో నా డిజైర్‌లోనూ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సందులోంచి బొట్లు పడేవి. ఒక షెడ్డులో చూపిస్తే టార్చి వేసి అర నిమిషంలో తేల్చేశారు, వెనక క్రాంక్ సీల్ అని, అంటే ఇంజన్ ఇరుసు గేర్‌బాక్స్ వైపు బయటికొచ్చే చోట ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్. గేర్‌బాక్స్ దించారు, సీల్ మార్చారు, పనిలో పనిగా క్లచ్ ప్లేటూ వేశారు. పదమూడు వేలు వదిలింది. నాలుగో రోజు పొద్దున్న చూస్తే అదే చోట అదే మరక!

ఆయిల్ పైనెక్కడో బయటికొచ్చి, ఇంజన్ గోడ వెంట జారి, అడుగున బొట్టవుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి కూడా నెడుతుంది. బొట్టు పడే చోటు చూసి జబ్బు చెబితే నా పదమూడు వేలలాగే అవుతుంది. మన డిజైర్ 1248 సీసీ ఇంజన్‌లో బ్రేకుకి పనికొచ్చే వ్యాక్యూమ్ పంపు పైన హెడ్‌కి గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. దాని ఓ-రింగ్ గట్టిపడితే కారిన ఆయిల్ తిన్నగా గేర్‌బాక్స్ మీదికే దిగుతుంది. నా కారులో దొంగ అదే. రబ్బరు రింగు ఖరీదు చెబితే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

అందుకని ముందుగా, రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరుచు. ముందు చక్రాల చోటు దాని మీద పెన్నుతో గుర్తు పెట్టుకో, బొట్టు ఇంజన్‌లో ఏ వైపు పడుతోందో తెలుస్తుంది. నల్లగా ఉంటే చాలావరకు ఇంజన్ ఆయిలే, డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడిపోతుంది. పల్చగా ఉండి ఘాటుగా వాసన కొడితే డీజిల్ లీకు, దాన్ని ఒక్క రోజు కూడా వదలకు.

తర్వాత ఇంజన్ చల్లారాక జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి తుడిపించు. ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ కవర్ కట్టు, ప్రెషర్ నీళ్లు మాత్రం వద్దు. కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉంటే విప్పించు, అది ఆయిల్‌ని పట్టి ఇంకో మూల పారబోస్తుంది. అంతా ఆరాక అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ చల్లు. పది, పదిహేను కిలోమీటర్లు తిప్పి టార్చితో పై నుంచి కిందికి చూడు. తెల్లటి పొడి మీద తడిచార ఎక్కడ మొదలైతే అదే అసలు చోటు. ఇంజన్ నెత్తినుండే టాపెట్ కవర్ ప్యాకింగ్, వ్యాక్యూమ్ పంపు, టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు వాషర్లు, ఫిల్టర్ సీల్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, చివరికి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్, ఈ వరసలో దిగు. పైనంతా పొడిగా ఉండి గేర్‌బాక్స్ సందు మాత్రమే తడిస్తే అప్పుడు ఆ మెకానిక్ మాట నిజం. దించమను, క్లచ్ కూడా అప్పుడే చూపించు, రెండోసారి దింపుడు కూలి తప్పుతుంది.

సీల్ మార్చే ముందు ఇంకొకటి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి ఊరికే దాని మీదే పెట్టు. డీజిల్ బండికి కాస్త కదలడం మామూలే. పొగ చిమ్ముతూ ఎగిరిపోతుంటే లోపల ఒత్తిడి ఎక్కువైనట్టు, మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ ఒత్తిడిని వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు, శుభ్రం చేయించు. పిస్టన్ రింగులు అరిగితే మాత్రం ఎన్ని కొత్త సీళ్లు వేసినా అవీ కారతాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద పై గీత దాటేలా ఆయిల్ పోసినా తిప్పలే.

చాంబర్‌కి సిలికాన్ పూసేటప్పుడు పక్కనే నిలబడు. దట్టంగా పూస్తే లోపలికి ఉబ్బిన ముక్క ఊడి ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడుతుంది. డ్రెయిన్ బోల్టుకి ప్రతిసారీ కొత్త వాషర్ వేయించు.

జయపురంలో తెలుగు బాగానే నడుస్తుంది గానీ, "తేల కెఉంఠు ఆసుఛి?" అని ఒడియాలో ఒక్కసారి అడిగి చూడు, ఆయిల్ ఎక్కణ్నుంచి వస్తోందని. మెకానిక్ కాస్త జాగ్రత్తగా చూస్తాడు.

అమ్మకం సంగతి. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసింది. బాగున్న డిజైర్‌ని తొందరపడి వదులుకోకు. అయితే ఈ రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, విజయనగరం ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ ముందే తెప్పించుకో. పదిహేనేళ్లకు, అంటే 2027లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంది.

అప్పటిదాకా సుంకి ఘాట్ దిగే ముందు డిప్‌స్టిక్ తీసి చూడు, డిక్కీలో ఒక లీటరు ఆయిల్ ఉంచు. బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడితే ఘాట్ వైపే వెళ్లకు, అది వ్యాక్యూమ్ పోయిన లక్షణం. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే ఎక్కడున్నా సరే, పక్కకి తీసి ఇంజన్ ఆపేయి.