ఘాట్ రోడ్డు మీద కిలోమీటరు ఖరీదు

జయపురం,
కొరాపుట్ జిల్లా, ఒడిశా.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అల్లం, కూరగాయల వ్యాపారం కోసం ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) పికప్ కొనాలనుకుంటున్నావనీ, షోరూమువారు చెప్పిన మైలేజీని పట్టుకుని నెలవారీ డీజిల్ ఖర్చు లెక్క కట్టేశావనీ అక్క ఫోనులో చెప్పింది. ఆ లెక్కను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఈ ఉత్తరం ఆసాంతం చదివిన తరువాతే అడ్వాన్సు ఇవ్వు. ఈ కొండ దారుల్లో ఎన్నో ఏళ్లుగా బండ్లు నడిపి, నడిపించినవాడిగా నేను నీకు గట్టిగా చెప్పదలచింది ఒక్కటే. నీ దారిలో, నీ లోడుతో, ఒక్కో కిలోమీటరుకు మొత్తం ఎన్ని రూపాయలు ఖర్చవుతాయో తేల్చుకోకుండా ఏ బండీ కొనకూడదు.

కంపెనీ ప్రకటించే మైలేజీ అబద్ధమేమీ కాదు. అయితే ఆ పరీక్ష ప్రయోగశాలలో, రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లు మించని నిర్ణీత వేగాలతో జరుగుతుంది. అక్కడ ఘాట్ రోడ్డు ఉండదు, బురద ఉండదు, వెనుక అల్లం బస్తాలు ఉండవు. ఒక బండిని మరొక బండితో పోల్చుకోవడానికి ఆ అంకె పనికివస్తుంది కాని, ఇంటి ఖర్చు వేసుకోవడానికి పనికిరాదు. ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి బరువైన డీజిల్ పికప్‌లు మామూలు వాడకంలో లీటరుకు 9 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఇస్తాయని అనుకుని లెక్క మొదలుపెట్టు. ఘాట్‌లో అంతకన్నా తగ్గుతుంది.

ఎందుకు తగ్గుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ లాభనష్టాలు అక్కడే తేలుతాయి. కొండల కింద ఆంధ్రలో ఉన్న సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ చేరేసరికి బండి రమారమి 750 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. లోడుతో కలిపి రెండున్నర టన్నులున్న బండిని అంత ఎత్తుకు చేర్చడానికే, చదును దారిలో అయ్యే ఖర్చు కాక, మరో లీటరున్నర డీజిల్ కావాలి. అంటే పైకి ఎక్కించే ప్రతి టన్నుకూ అర లీటరు పైచిలుకు అదనం. నీ సరుకు కుందులి సంత నుంచి కిందికి దిగుతుంది, ఖాళీ బండి పైకి వస్తుంది కాబట్టి నీకు కొంత నయమే. కాని తిరుగు ప్రయాణంలో సిమెంటో కిరాణా సామానో వేసుకుంటే, ఎక్కే బరువుకు కిరాయి వేరుగా మాట్లాడుకోవాలి. దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని మన దారిలో చాలామంది డ్రైవర్లు నమ్ముతారు. అది ప్రాణాంతకమైన పొరపాటు, పైగా మిగిలేదీ ఏమీ లేదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు డీజిల్ సరఫరాను పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. కనుక ఎక్కిన గేరులోనే దిగు. బ్రేకులు అంతగా వేడెక్కవు, డీజిల్ ఖర్చూ ఉండదు.

మైలేజీని డాష్‌బోర్డు చెప్పే అంకెతో కొలవవద్దు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, వారం రోజులు నీ పని చేసుకుని, మళ్లీ అదే పంపు దగ్గర అదే విధంగా నింపించు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించగా వచ్చేదే నిజమైన మైలేజీ. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకుండా, వానాకాలంలోనూ వేసవిలోనూ కొలిచి చూడు. కంపెనీ ఇచ్చిన టైర్ల స్థానంలో పెద్దవి వేయిస్తే, చక్రం తక్కువసార్లు తిరిగి మీటరు అసలు దూరం కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి, ఆ తేడా కూడా సవరించుకోవాలి.

లెక్కలో మరో చిక్కు ఉంది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ 9 నుంచి 12కు పెరిగితే 417 లీటర్లు మిగులుతాయి, 12 నుంచి 15కు పెరిగితే మిగిలేవి 250 లీటర్లే. రెండుచోట్లా పెరిగింది మూడే అయినా ఫలితం ఒకటి కాదు. ఇటువంటి పికప్‌లు ఊరూరా కనిపించే ఆస్ట్రేలియాలో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్కిస్తారు. నువ్వు కూడా ఆ పద్ధతిలోనే వ్రాసుకుంటే ఖర్చు సూటిగా తెలుస్తుంది.

ఇంత చెప్పినా, డీజిల్ కన్నా పెద్ద ఖర్చు మరొకటుంది, అది బండి విలువ తరగడం. ఐదేళ్లు నిండేసరికి బండి విలువను సగానికి తగ్గించి బీమా కట్టించుకోవడం మన దేశంలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన 20 లక్షల బండి ఐదేళ్లలో 75,000 కిలోమీటర్లు తిరిగితే, తరుగుదల ఒక్కటే కిలోమీటరుకు 13 రూపాయలు దాటుతుంది. డీజిల్ లీటరు 95 రూపాయలనుకుని, పది కిలోమీటర్ల మైలేజీ వచ్చిందనుకుంటే, ఇంధనానికి అయ్యేది తొమ్మిదిన్నర. నాలుగు టైర్లకు 60 వేలయి, అవి 50 వేల కిలోమీటర్లు మన్నితే మరో రూపాయి ఇరవై పైసలు. బ్యాంకు వడ్డీ, బీమా, సర్వీసింగ్ వీటికి కలుపు. లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువ ఇస్తుందని మూడు లక్షలు ఎక్కువ పెట్టి కొనడం ఎంత నష్టమో నీకే అర్థమవుతుంది.

ఇక అసలు ప్రశ్న, నీకు ఫోర్ బై ఫోర్ కావాలా? సరుకు రోడ్డు పక్కన సంతకే వస్తూ ఉంటే అక్కరలేదు. కొంటే, ముందు చక్రాలను తిప్పే ఇరుసు, వాటికి శక్తిని పంచే గేరుపెట్టె (ట్రాన్స్‌ఫర్ కేసు) బరువును ఏడాది పొడవునా మోస్తూ, వాటి నూనెలు కూడా మార్పిస్తూ ఉండాలి. మామూలు బొలెరో పికప్‌లు 1.3, 1.7 టన్నుల లోడుకు దొరుకుతాయి. హైలక్స్ వంటి డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) బండి మోసే బరువు వాటికన్నా బాగా తక్కువ. పొట్టంగి వైపు కొండ ఊళ్లకు వానాకాలంలో నువ్వే వెళ్లి అల్లం ఎత్తుకోవలసి ఉంటే మాత్రం తప్పక కొనుక్కో. అప్పుడు కూడా ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే గేరు) బురదలో, గులకరాళ్ల దారిలో మాత్రమే వెయ్యి. పొడి తారురోడ్డు మీద వేస్తే ముందు వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి టైర్లు అరిగిపోతాయి, గేర్లు దెబ్బతింటాయి, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. లోతైన గెడ్డ (వాగు) దాటిన ప్రతిసారీ ఇరుసుల నూనె చూపించు. అది పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే.

బీఎస్-6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. సెమిలిగుడలో వీధి చివరి వరకే తిప్పుతూ ఉంటే అది మూసుకుపోతుంది. వారానికి ఒకసారైనా పెద్ద రోడ్డు మీద కాసేపు ఒకే వేగంతో పోనిస్తే మసి కాలిపోతుంది.

మనం సరిహద్దు మనుషులం కాబట్టి మరో రెండు మాటలు. ఆంధ్రలో డీజిల్ మీద పన్ను ఎక్కువ. సాలూరు దిగేముందే రెండు వైపులా ధర పోల్చి చూసుకుని నింపుకో. నంబరు ప్లేటు విషయంలో మాత్రం ఏమాత్రం అశ్రద్ధ చేయవద్దు. సొంత వాడకానికి ఇచ్చే తెల్ల ప్లేటు బండిలో ఇతరుల సరుకు కిరాయికి వేస్తే చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా కూడా రాకుండా పోవచ్చు. కిరాయి బండ్లకిచ్చే పసుపు ప్లేటు తీసుకుంటే ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఆ ఖర్చునూ, బండి ఆగిపోయే రోజులనూ లెక్కలో వేసుకో.

నువ్వు చూసిన బండిని నడిపి చూడడానికి అడిగి తీసుకుని, తగినంత బరువు వేసి, సాలూరు దిగి తిరిగి ఎక్కి చూడు. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు. పట్టిన లీటర్లు, తిరిగిన దూరం, వేసిన బరువు కాగితం మీద వ్రాసి నాకు పంపిస్తే, మిగతా లెక్క నేను వేసి చెబుతాను. అక్కకూ బావగారికీ నా నమస్కారాలు తెలియజేయి.

ఆశీస్సులతో,
మీ మావయ్య